సరిహద్దు తెలుగు ఇళ్ళలో పెద్దల జ్ఞాపకాలను పుస్తకంగా కూర్చుకోవడం ఎలా?

ఆంధ్ర సరిహద్దు వైపు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, చికిటి, బరంపురం వంటి ఊళ్ళలోని తెలుగు కుటుంబాలను ఇప్పుడు మూడు తరాలుగా చూడవచ్చును. పెద్దతరం వారు తమ చిన్ననాటి సంగతులను తెలుగులో చెబుతారు. మధ్యతరం వారు ఉద్యోగాల కోసం భువనేశ్వర్‌కో, విశాఖపట్నానికో, హైదరాబాదుకో చేరి పండుగలకు మాత్రమే ఇంటికి వస్తారు. మనవలు ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ చదువుకొని, తెలుగు మాట్లాడగలిగినా చదవలేని స్థితిలో ఉంటారు. ఇంటి సంగతులను రాసిపెట్టుకోవాలన్న కోరిక చాలామందికి ఉన్నప్పటికీ, ఎవరిని అడగాలి, ఏమి అడగాలి, విన్నదాన్ని ఏ అక్షరాల్లో దాచాలి అన్న దగ్గర పని ఆగిపోతుంది. ఆ పనిని మొదటి నుంచి ముద్రణ దాకా ఎలా చేసుకోవచ్చునో ఈ వ్యాసంలో చెబుతున్నాను.

దీనికి పెద్ద సరంజామా అక్కరలేదు. మీ చేతిలోని ఫోను, గీతలున్న ఒక లావుపాటి నోటుపుస్తకం, మెత్తని పెన్సిలు, ఫొటోలూ ఉత్తరాలూ పెట్టుకోవడానికి మూత ఉన్న ఒక డబ్బా చాలు. సంక్రాంతికి నాలుగు రోజులు ఇంట్లో అందరూ ఉంటారు కనుక అప్పుడు మొదలుపెట్టడం సులువే గానీ, అసలు మాటలు పండుగ సందడి తగ్గి, కనుమ మర్నాడు ఇల్లు సగం ఖాళీ అయిన తరువాతనే వస్తాయి. సెలవు ఒక్కరోజు పొడిగించుకోండి.

ఎవరితో మొదలుపెట్టాలి?

అందరికన్నా పెద్దవారితో మొదలుపెట్టాలని సాధారణంగా అనుకొంటారు. వయసుకన్నా ఓపికనూ జ్ఞాపకశక్తినీ చూడండి. మాట తడబడుతున్నవారు, మరుపు మొదలైనవారు ముందు. గట్టిగా ఉన్నవారు తరువాత. ఇంటి మగవారి దగ్గరకు అందరూ వెళతారు గనుక, వారు చెప్పేవి చాలావరకు ఇంట్లో అందరికీ తెలిసినవే అయి ఉంటాయి: ఎవరు ఏ ఉద్యోగం చేశారు, ఏ పొలం ఎప్పుడు కొన్నారు, ఏ దావా ఎలా తెగింది. కోడలిగా ఆ ఇంటికి వచ్చిన అత్తనూ పిన్నినీ తప్పక అడగండి. పుట్టి పెరిగినవారికి అలవాటైపోయి కనిపించని విషయాలు, పదిహేనో పదహారో ఏట కొత్తగా ఆ గడప దాటి లోపలికి వచ్చిన పిల్లకు స్పష్టంగా కనిపించి ఉంటాయి. ఆ ఇంట్లో ఎవరు ముందు తినేవారు, మామగారు పలకరించే తీరు ఎలా ఉండేది, తన పుట్టింట్లో లేని ఏ వంట ఇక్కడ నేర్చుకోవలసి వచ్చింది అన్నవి ఆమెకే బాగా తెలుసు.

ఇంటి బయటివారిని కూడా ఒకరిద్దరిని చేర్చుకోండి. పక్కింటి ఒడియా కుటుంబంలోని పెద్దావిడ, మీ తాతగారి దగ్గర పాలేరుగా చేసినవారి కొడుకు, వీధి చివర దర్జీ దుకాణం నడిపినవారు మీ ఇంటిని మరోవైపు నుంచి చూసినవారు. వారి మాటలు మీ ఇంటివారికి అన్నివేళలా ఇంపుగా ఉండకపోవచ్చును, అయినా వినండి.

కాలాన్ని ముందుగా గీసుకోవడం

మన పెద్దలకు తారీఖులు గుర్తుండవు. గాలివానలు, రైళ్ళు, పుట్టుకలు, చావులు గుర్తుంటాయి. అందువల్ల ఎవరినీ అడగకముందే నోటుపుస్తకంలో మొదటి రెండు పేజీలు విప్పి, ఎడమవైపు ఖాయంగా తెలిసిన సంవత్సరాలను వరుసగా రాసుకోండి. కుడివైపు ఖాళీగా ఉంచితే, ఇంటి సంగతులు వచ్చినకొద్దీ వాటిని పక్కన నింపవచ్చును.

మన ప్రాంతానికి పనికివచ్చే గుర్తులు చాలానే ఉన్నాయి. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో వచ్చింది. 1931 నాటికి అది గుణుపురం దాకా సాగింది. 2004లో ఆగిపోయి, పెద్ద పట్టాలు వేసిన తరువాత 2011లో మళ్ళీ మొదలైంది. కనుక మీ బామ్మగారు పెళ్ళయి చిన్న రైల్లో గుణుపురం వచ్చానని అంటే, ఆ పెళ్ళి ఏ కాలంలో జరిగి ఉండవచ్చునో ఒక హద్దు దొరుకుతుంది. మన ఇళ్ళలో చాలామంది ‘రంగం’, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళి వచ్చినవారున్నారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు వేసిన తరువాత, 1942లో వేలమంది అడవులూ కొండలూ దాటి కాలినడకన తిరిగివచ్చారు. ‘మా నాన్న రంగం నుంచి నడిచొచ్చిన ఏడు’ అని ఎవరైనా అంటే ఆ సంవత్సరం దాదాపు తేలినట్టే. తుపానుల విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. 1999 అక్టోబరులో రెండు తుపానులు వచ్చాయి. మొదటిది గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటగా, అందరూ చెప్పుకొనే మహా తుపాను ఆ నెలాఖరున పారాదీప్ వైపు దాటింది. బరంపురం పెద్దలు ‘ఆ తుపానులో మా పెంకులన్నీ ఎగిరిపోయాయి’ అంటే అది మొదటిదే కావచ్చును. ఆ తరువాత 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ వచ్చాయి. గజపతి జిల్లా కొండ పల్లెలను తిత్లీ దెబ్బతీసినంతగా తక్కినవి దెబ్బతీయలేదని అక్కడివారు అంటారు.

పాత కాగితాల్లో జిల్లా పేర్లు చూసి చాలామంది తికమకపడతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడక ముందు పర్లాకిమిడీ బరంపురమే గాక టెక్కలి, శ్రీకాకుళం కూడా మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలోనే ఉండేవి. విభజన తరువాత మద్రాసు వైపు మిగిలిన ఊళ్ళు విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లాగా విడివడ్డాయి. గుణుపురం, రాయగడ ప్రాంతం 1936 దాకా విశాఖపట్నం జిల్లాలో, ఆ తరువాత కొరాపుట్‌లో ఉండి, 1992 అక్టోబరు 2న రాయగడ జిల్లా అయింది; పర్లాకిమిడి గంజాం నుంచి విడిపోయి గజపతి జిల్లాకు కేంద్రమైనదీ ఆ రోజే. కాబట్టి మీ ముత్తాతగారి దస్తావేజులో ఒక జిల్లా, తాతగారి బడి సర్టిఫికెట్టులో మరొక జిల్లా కనిపించినంత మాత్రాన కుటుంబం వలస వెళ్ళిందని రాసేయకండి. వారు అదే అరుగు మీద కూర్చొని ఉండగానే జిల్లాలు మారిపోయి ఉండవచ్చును.

తిథుల నుంచి తేదీలు తేల్చడం

పుట్టినరోజు తెలియని పెద్దలకు కూడా తమ తల్లిదండ్రుల తద్దినం తిథి తెలిసే ఉంటుంది, ఎందుకంటే ఏటేటా దాన్ని పెడుతున్నారు గనుక. మాసం, పక్షం, తిథి ఉండి సంవత్సరం ఒక్కటే తప్పిపోయి ఉంటుంది. ఆ సంవత్సరాన్ని పైన చెప్పిన గుర్తులతో రెండు మూడు ఏళ్ళలోపుకు తెచ్చుకొని, పాత పంచాంగంతో సరిచూస్తే తేదీ దొరుకుతుంది. జాతక చక్రాల్లోనూ తాటాకుల మీదా సంవత్సరం పేరు ఉంటే పని ఇంకా సులువు: ప్రభవ 1927లో మొదలైంది, ధాత 1936లో, చిత్రభాను 1942లో, సర్వజిత్తు 1947లో. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగివస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. ఈ సంవత్సరాలు ఉగాదితో మొదలవుతాయి గనుక, పుష్య మాఘాల్లో పుట్టినవారికి ఇంగ్లీషు సంవత్సరం ఒకటి కలుపుకోవలసి ఉంటుంది.

సరిహద్దు ఇళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఇక్కడ ఉంది. మన పంచాంగంలో నెల అమావాస్యతో ముగుస్తుంది; ఒడియా పంచాంగంలో చాంద్రమాసం పున్నమితో ముగుస్తుంది. అందువల్ల శుక్లపక్షంలో ఇద్దరికీ నెల పేరు ఒకటే గానీ బహుళపక్షంలో తేడా వస్తుంది. మనకు శ్రావణ బహుళాష్టమి నాడు వచ్చే కృష్ణాష్టమి వారికి భాద్రపద కృష్ణాష్టమి. మన మాఘ బహుళ చతుర్దశి నాటి శివరాత్రి వారికి ఫాల్గుణంలో వస్తుంది. తద్దినాన్ని ఒడియా పురోహితుడు రాసి ఇచ్చాడా, తెలుగు పురోహితుడు రాసి ఇచ్చాడా అన్నది కనుక్కొని గానీ బహుళ తిథులను లెక్కకట్టకండి. ఒక నెల తేడా ఇట్టే వచ్చేస్తుంది.

కూర్చోబెట్టి మాట్లాడించడం

ఉదయం ఫలహారం అయ్యాక, వంట మొదలుకాక ముందు దొరికే సమయం అన్నిటికన్నా మంచిది. మధ్యాహ్నం నిద్రమత్తు, సాయంత్రం టీవీ. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద, చెప్పేవారి నోటికి జానెడు రెండు జానల దూరంలో ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే గ్లాసు కదిపినా, వేలితో తట్టినా ఆ చప్పుడే పెద్దగా వినిపిస్తుంది. పంకా ఆపగలిగితే ఆపండి. వేసవిలో ఆపలేకపోతే కనీసం దాని కింద కూర్చోకండి. ముందు ఒక నిమిషం మాట్లాడించి, విని చూసుకొని, ఆ తరువాత అసలు పని మొదలుపెట్టండి. రికార్డింగు మొదట్లో తేదీ, ఊరు, చెప్పేవారి పేరు, వారు మీకు ఏమవుతారో మీ గొంతుతోనే చెప్పి ఉంచండి. ఇరవై ఏళ్ళ తరువాత ఆ ఫైలు ఎవరి చేతిలో పడుతుందో మనకు తెలియదు.

ఒక్కో విడతకు ముప్పావు గంట చాలు. పెద్దలను ఊరకే ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే సాక్ష్యం చెబుతున్నట్టు బిగుసుకుపోతారు. చేతులకు పని ఇవ్వండి. చింతపండు గింజ తీస్తూనో, చిక్కుడుకాయలు ఒలుస్తూనో, తమలపాకులకు ఈనెలు తీస్తూనో చెప్పేటప్పుడు మాట తనంతట తాను సాగుతుంది. మధ్యలో వారు ఆగితే మీరు వెంటనే అందుకోకండి. ఆ నిశ్శబ్దంలోనే వారు తరువాతి మాటను వెతుక్కుంటూ ఉంటారు. చెప్పినదాన్ని ‘కాదు తాతా, నాన్న వేరేలా చెప్పాడే’ అని అక్కడే సరిదిద్దడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఆ మాటతో ఆ పూటకు తాతగారు మూగబోతారు.

ఏమి అడగాలి?

ఈ పని మొత్తానికి ఇదే ఆయువుపట్టు. ‘మీ చిన్నతనం ఎలా ఉండేది?’ అని అడిగితే ‘ఏముంది, కష్టాలే, కానీ సంతోషంగా ఉండేవాళ్ళం’ అన్న జవాబు వస్తుంది. పెద్ద ప్రశ్నకు అలాంటి జవాబే వస్తుంది. అందులో వారి ఇల్లు ఉండదు, ఊరూ ఉండదు. అనుభూతిని అడగకుండా వస్తువునూ చోటునూ అడగండి. మంచం ఏ మూల ఉండేది, దీపం ఎవరు ముట్టించేవారు, నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవి, రాత్రి మిగిలిన అన్నాన్ని ఏమి చేసేవారు అని అడిగితే, అనుభూతి అడగకుండానే వాటి వెంట వస్తుంది.

దీనికి అన్నిటికన్నా మంచి దారి, వారు పుట్టిన ఇంటి పటాన్ని వారిచేతనే గీయించడం. కాగితం, పెన్ను ఇస్తే ‘నాకు బొమ్మలు రావురా’ అంటారు. సుద్దముక్క చేతికిచ్చి నేల మీద గీయమంటే వెంటనే ఒప్పుకొంటారు. మా పెద్దత్త కాశీనగరంలోని తన పుట్టింటిని మా వరండా గచ్చు మీద ఇలాగే గీసింది. వీధి అరుగు, నడవ, నట్టిల్లు, వంటిల్లు, పెరడు, పెరట్లో ధాన్యపు పురి అన్నీ గీశాక, వంటింట్లోంచి నూతి దగ్గరకు దారి ఎటు అని అడిగితే, లేచి ఆ గీతల మధ్య నడిచి చూపించింది. పురి గీసిన చోటికి వచ్చేసరికి చీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకొని, గడ్డి తగలకుండా పక్కకు ఒత్తిగిలి వెళ్ళింది. ఆ పురి వెనుక ఎవరు దాక్కునేవారు అన్న ఒక్క ప్రశ్నకు, చిన్నప్పుడే పోయిన తన తమ్ముడి సంగతి మొదటిసారిగా మా అందరి ముందూ చెప్పింది. పటం పూర్తికాగానే పైనుంచి ఒక ఫొటో తీసి, తరువాత కొలతలతో నోటుపుస్తకంలోకి ఎక్కించుకోండి. కొలతలను అడుగుల్లో అడగకండి; ‘ఆ గదిలో ఎన్ని మంచాలు పట్టేవి?’ అని అడగండి.

ఇల్లు అయ్యాక దారి. బడికి వెళ్ళే దారిలో ఎవరెవరి ఇళ్ళు వచ్చేవి, ఏ చెట్టు కింద ఆగేవారు, మహేంద్రతనయ నది పొంగితే ఎన్నాళ్ళు బడి ఉండేది కాదు, రథయాత్రనాడు ఎక్కడ నిలబడి చూసేవారు అని అడుగుతూ వెళితే, సగం ఊరు కళ్ళ ముందు లేచి నిలబడుతుంది. బడి ఏ భాషలో చెప్పేవారన్న ప్రశ్న మన ఇళ్ళలో తప్పక అడగవలసినది. ఒకే ఇంట్లో పెద్దన్న తెలుగు బడిలో, చిన్నతమ్ముడు ఒడియా బడిలో చదివిన కుటుంబాలు మన వైపు చాలా ఉన్నాయి. ఎందుకలా జరిగిందో వారు చెప్పే కారణాన్ని వారి మాటల్లోనే రాసుకోండి.

ఆ తరువాత వంటిల్లు. చద్దన్నం, తరవాణి, చోడి అంబలి గురించి అందరూ చెబుతారు. అక్కడ ఆగకుండా కొలతల్లోకి వెళ్ళండి: తరవాణి కుండను ఎన్నాళ్ళకొకసారి కడిగేవారు, అన్నానికి బియ్యం సోలతో కొలిచేవారా మానికతోనా, పక్కింటి ఒడియావారు తమ రజో సంక్రాంతి పండుగకు పొడపిఠా అనే పిండివంట పంపితే మీ ఇంటి నుంచి వారికి ఏమి వెళ్ళేది, ఆ గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళేదా. ఇంట్లో ఇప్పటికీ ఉన్న ఇత్తడి, కంచు, స్టీలు సామానును కిందికి దింపి ఒక్కొక్కటే చేతికి ఇవ్వడం మరొక మంచి మార్గం. పెళ్ళిళ్ళలో ఇచ్చిన గిన్నెల అంచుల మీద ఇచ్చినవారి పేరు, తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కించి ఉంటాయి. చింతపండుతో తోమి వెలుతురులో వాలుగా పట్టి చూస్తే, ఏ రికార్డులోనూ దొరకని మేనత్తగారి పేరు ఒక పాలగిన్నె అంచు మీద దొరకవచ్చును.

ఆటలు, పాటలు, జముకుల కథలు, తప్పెటగుళ్ళు చూసిన రాత్రులు వీటి గురించి ప్రత్యేకంగా అడగవలసిన పని ఉండదు. దారిలో అవే వస్తాయి. పాట వస్తే మాత్రం సగంలో ఆపకుండా పూర్తిగా పాడించండి. భూముల సంగతి అన్నిటికన్నా చివర అడగండి, లేదా అసలు అడగకండి. మొదటి రోజే పొలం ఎవరి పేరున ఉందని అడిగితే, ఈ పుస్తకం పంపకాల కోసమేనని ఇల్లంతా అనుమానిస్తుంది.

ఫొటోలు, ఉత్తరాలు

ఫొటోలను ఫోనుతో తీసేటప్పుడు ఫ్లాష్ వేయకుండా, కిటికీ దగ్గర నీడ వెలుతురులో, ఫొటోకు సమాంతరంగా పట్టుకొని తీయండి. స్కానరు దొరికితే మామూలు ఫొటోలకు 300, చిన్న పాస్‌పోర్టు సైజు వాటికి 600 డి.పి.ఐ. (అంగుళానికి చుక్కలు) పెట్టండి. వెనుకవైపును కూడా తప్పక తీయండి, ఎందుకంటే స్టూడియో ముద్ర, ఊరి పేరు, ఒక్కొక్కసారి తేదీ అక్కడే ఉంటాయి. పేర్లు రాయాలంటే మెత్తని పెన్సిలుతో అంచున, నొక్కకుండా రాయండి. బాల్‌పెన్ను గీత ముందువైపుకు పొంగుతుంది. లామినేషన్ చేయించకండి. ఆల్బం జిగురుకు అతుక్కుపోయిన ఫొటోలను లాగకుండా, పళ్ళు శుభ్రం చేసుకొనే సన్నని దారాన్ని కిందినుంచి రంపంలా నడిపి విడదీయండి. రాకపోతే ఆల్బంలో ఉండగానే ఫొటో తీసుకొని వదిలేయండి.

ఉత్తరాల్లో కుశల ప్రశ్నలు తప్ప ఏముంటాయని పారేయకండి. కార్డు మీది తపాలా ముద్రలో ఊరు, తేదీ ఉంటాయి. శుభలేఖల్లో రెండు వైపుల ఇంటిపేర్లు, ఊళ్ళు, తాతల పేర్లు ఉంటాయి. చావు కబురు తెచ్చిన కార్డును చదవగానే చింపేసే ఆచారం ఉన్నందున, పెట్టెలో పెళ్ళిళ్ళూ పురుళ్ళూ మాత్రమే మిగిలి, మరణాలు కనిపించవు. వాటికి తద్దినం తిథులే ఆధారం. ఇంటి ఆడవారి విషయంలో పుట్టింటి ఇంటిపేరు, మెట్టినింటి ఇంటిపేరు రెండూ రాయండి. ఒడిశా వైపు ఓటర్ల జాబితాల్లోనూ భూమి పట్టాల్లోనూ వెతికేటప్పుడు ‘వ’ ఉన్నచోట ‘బ’ పెట్టి కూడా చూడండి. వాసుదేవ అన్న పేరు అక్కడ బాసుదేబ అయి ఉంటుంది.

తుపాను ప్రాంతంలో ఉన్నాం గనుక ఈ మాట చెప్పక తప్పదు. ఫొటోలు తడిస్తే ఒకదానికొకటి అంటుకోకముందే విడదీసి, బురద ఉంటే చల్లని శుభ్రమైన నీళ్ళలో ముంచి తీసి, బొమ్మవైపు పైకి ఉండేలా నీడలో గుడ్డ మీద ఆరబెట్టండి. ఎండలో పెడితే చుట్టుకుపోతాయి. రెండు రోజుల్లో ఆరబెట్టే వీలు లేకపోతే, ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజరులో ఉంచి, కరెంటూ తీరికా వచ్చాక ఆ పని చేయవచ్చును. రికార్డింగులకూ ఫొటోలకూ మూడు నకళ్ళు ఉంచండి: ఒకటి ఫోనులోనో కంప్యూటరులోనో, ఒకటి విడిగా పెన్‌డ్రైవులో, ఒకటి తీరానికి దూరంగా ఉన్న బంధువు దగ్గర గానీ ఇంటర్నెట్టు ఖాతాలో గానీ.

విన్నదాన్ని రాయడం

రికార్డింగును ఆ వారంలోనే కాగితం మీద పెట్టండి. ఫోనులోని తెలుగు డిక్టేషన్ పత్రికల భాషను బాగానే పట్టుకొంటుంది గానీ, మన వైపు మాటను చాలాచోట్ల తనకు తెలిసిన మాటగా మార్చేస్తుంది. కాబట్టి విని చేత్తో రాయడమే మేలు. నిదానమైన పని, ముప్పావు గంట మాటకు ఒక పూటంతా పట్టినా ఆశ్చర్యపోకండి.

రాసేటప్పుడు పెద్దల మాటను పత్రిక భాషలోకి దిద్దాలన్న కోరిక పుడుతుంది. మొదటి ప్రతిలో దిద్దకండి. ఉదాహరణకు ఒక పెద్దావిడ ఇలా చెప్పిందనుకోండి: ‘అప్పుడు బండి బొగ్గుతో ఎల్లేదిరా. నుసి కళ్ళల్లో పడతాదని మా యమ్మ కొంగు కప్పీసీది. గుణుపురం సేరీసరికి తెల్ల సీర కాస్తా నల్లగైపోయీది.’ దీన్ని ‘ఆ రోజుల్లో ఆవిరి యంత్రంతో నడిచే రైలులో ప్రయాణించేవారము’ అని రాస్తే, సమాచారం మిగులుతుంది, ఆవిడ మిగలదు. వాడుకలో ఉన్న మాటనే రాతలోకి తేవాలని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి గారు 1880లో ఉపాధ్యాయుడిగా చేరింది ఈ పర్లాకిమిడిలోనే. కొండల్లో ఉండే సవర గిరిజనుల మాటను వారి నోటి నుంచే విని నేర్చుకొని, వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిందీ ఇక్కడి నుంచే. 1936లో ఈ ఊరు ఒడిశాలో చేరినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయన నడిచిన వీధుల్లో ఉంటూ మన అమ్మమ్మల మాటను మనమే దిద్దుకోవడం బాగుండదు. మీ వివరణలు గ్రాంథికంగానో శిష్టంగానో మీ ఇష్టప్రకారం ఉండవచ్చును. పెద్దల మాటలు మాత్రం కొటేషన్లలో వారివిగానే ఉండాలి. మధ్యలో వచ్చే ఒడియా మాటలను కూడా అలాగే ఉంచండి.

ఒకే సంఘటనను ఇద్దరు రెండు విధాలుగా చెబితే తీర్పు చెప్పకండి. ఇల్లు అంటుకున్న ఏడు వర్షాకాలమని పెదనాన్న, వేసవి అని అత్త అంటే, ఇద్దరి మాటలూ పేర్లతో పక్కపక్కన వేయండి. కాగితం ఆధారం దొరికితే మీ మాటగా కింద చేర్చండి. ఇక ఎవరి మనసైనా నొచ్చుకొనే సంగతులు, అంటే పోయిన బిడ్డలు, విడిపోయిన కాపురాలు, ఇంట్లో అన్నదమ్ముల మాటపట్టింపులు వచ్చినప్పుడు, రికార్డింగు ఆపమంటే ఆపండి. ఆపమనకపోయినా, పుస్తకంలో వేయవచ్చునా అని ఆ మర్నాడు విడిగా అడగండి. చెప్పిన రోజు ఒప్పుకొన్నవారు తెల్లవారేసరికి వద్దనడం మామూలే. బతికి ఉన్న పొరుగువారిని చిన్నబుచ్చే మాట, కులం పేరుతో వచ్చే ఎత్తిపొడుపు పుస్తకంలో అక్కరలేదు. రికార్డింగులో ఉంటుంది, అది చాలు.

మనవలు చదవగలిగేలా అచ్చువేయడం

మనవలకు తెలుగు అక్షరాలు రాకపోతే, తెలుగు పాఠాన్ని ఒడియా లిపిలోకి మార్చి పక్కపక్క పేజీల్లో వేయవచ్చును. ‘అక్షరముఖ’ అనే ఉచిత సాధనంలో యూనికోడ్‌లో (ఏ కంప్యూటరులోనైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతిలో) ఉన్న తెలుగు పాఠాన్ని పెడితే ఒడియా లిపిలో వస్తుంది. ఒడియా లిపిలో హ్రస్వ ఎ, ఒ లకు వేరే గుర్తులు లేనందున ‘మెడ’కూ ‘మేడ’కూ తేడా పోతుంది, పిల్లల చేత ఒకసారి బిగ్గరగా చదివించి, తడబడిన చోట్ల పెన్సిలుతో గుర్తుపెట్టి, అక్కడ వాక్యాన్ని కొంచెం సడలించి రాయండి.

తెలుగు భాగాన్ని మొదటి నుంచీ యూనికోడ్‌లోనే టైపు చేయండి. డి.టి.పి. దుకాణాల్లో ఇప్పటికీ వాడే పాత అను ఫాంట్లలో చేయిస్తే, ఆ ఫైలు మరో కంప్యూటరులో గజిబిజిగా కనిపిస్తుంది, లిపి మార్పిడికీ పనికిరాదు. మండలి, ఎన్.టి.ఆర్. వంటి ఉచిత ఫాంట్లు లోపలి పాఠానికి బాగుంటాయి. శీర్షికలకు గిడుగు పేరుతోనే ఒక ఫాంటు ఉంది. పెద్దలు అద్దాలు లేకుండా చదవాలంటే అక్షరం 14 పాయింట్లకు తగ్గకూడదు. ఒడిశా వైపు ముద్రణ దుకాణాలన్నిటిలో తెలుగు ఫాంట్లు ఉండవు కనుక, ఫాంట్లు ఇమిడ్చిన పి.డి.ఎఫ్.గా చేసి తీసుకువెళ్ళండి. అప్పుడు బరంపురంలోనైనా ఆంధ్ర వైపు పాతపట్నంలోనైనా అచ్చు ఒకేలా వస్తుంది. మధ్యలో పిన్ను కొట్టే చిన్న పుస్తకమైతే పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడేలా చూసుకోండి; మిగిలిన పేజీలను ఖాళీగా వదలండి, వాటి మీద ఎవరో ఒకరు ఏదో ఒకటి రాస్తారు.

ముందు రెండే ప్రతులు తీయించండి. ఒకటి చెప్పినవారికి చదివి వినిపించి, వారు ‘అలా కాదు’ అన్న ప్రతిచోటా అంచున రాసుకోండి. రెండోది మీతో ఎక్కువగా విభేదించే బంధువుకు పంపండి. ఆయన పట్టే తప్పుల్లో సగమైనా నిజమైనవి ఉంటాయి. ఆ దిద్దుబాట్లు అయ్యాక ఇంటికొకటి చొప్పున లెక్కకట్టి, పెళ్ళయి వెళ్ళిన ఆడపడుచుల ఇళ్ళను కూడా అందులో కలిపి, అంతకు నాలుగైదు ఎక్కువగా అచ్చువేయించండి. పి.డి.ఎఫ్.ను మాత్రం కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు, అందులోని ఫోను నంబర్లు, సర్వే నంబర్లు, పుట్టిన తేదీలు ఉన్న పేజీలను తీసివేయండి.